పోలీసు బిళ్లల పెట్టె

(బళ్లారిలో మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి నెలా ఎవరో ఒకరు తమకు తెలిసిన విషయాన్ని పదిమంది ముందు పెట్టడం మన సంఘానికి ఉన్న మంచి అలవాటు. పోయిన నెల డాక్టరుగారు మధుమేహాన్ని గూర్చి చెప్పారు. అంతకు ముందు పంతులుగారు పోతనను గూర్చి చెప్పారు. వారి తరువాత మేము లేచి పోలీసు బిళ్లలను గూర్చి మాట్లాడడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉన్నది. కాని కార్యదర్శిగారు వదలలేదు. "ఏమప్పా, ఇన్నేండ్లనుంచి ఆ పెట్టెలో ఏముందో ఎవరికీ చూపించకుంటివి. ఈ తూరి తెచ్చి చూపించాల్సిందే" అన్నారు. తెచ్చాము. బల్లమీద ఉన్న రేకుపెట్టె అదే. మాటలు అయిన తరువాత అందరూ చూడవచ్చును, చేతితో తీసుకోవచ్చును. ఒక్క మనవి. పట్టుకున్నవారు తిరిగి పెట్టేముందు గుడ్డతో తుడిచి పెట్టండి. ఇత్తడికి చెమట పడదు. మూడవ వరుసలో ఒక గుంట ఖాళీగా కనబడుతుంది. ఏదో కింద పడిందని వెతకకండి. దాని సంగతి చివర చెబుతాము.

తపాలా బిళ్లలు పోగుచేసేవాణ్ణి చూస్తే లోకం ముచ్చటపడుతుంది. పాత నాణేలు పోగుచేసేవాణ్ణి చూస్తే గౌరవిస్తుంది. పోలీసు సామాను పోగుచేస్తానన్నవాణ్ణి చూస్తే మాత్రం, "వీడేమైనా చేశాడా, లేక వీణ్ణేమైనా చేశారా?" అని అనుమానిస్తుంది. మాకు పిల్లనిచ్చిన మామగారు కూడా పెళ్లికి ముందు ఈ విషయం ఇద్దరు ముగ్గురి ద్వారా విచారించుకున్నారని తరువాత తెలిసింది.

ఇది మాకొక్కరికే పట్టిన పిచ్చి కాదు. ఇంగ్లండులో దీనికి పాత చరిత్ర ఉన్నది. 1829లో రాబర్ట్ పీల్ లండనులో మెట్రోపాలిటన్ పోలీసును ఏర్పరచిన కాలంలో కానిస్టేబులు చేతిలోని పొట్టికర్రమీద కిరీటమూ రాజచిహ్నమూ రంగులతో చిత్రించేవారు. ఆ కర్ర కొట్టడానికి మాత్రమే కాదు. "నేను రాజుగారి మనిషిని" అని చూపించే అధికారపత్రం కూడా అదే. ఆ రంగుల కర్రలను ఇప్పుడు అక్కడివారు మనం తంజావూరు పటాలను కట్టించుకున్నట్లు గోడలకు అమర్చుకుంటారు. అమెరికాలో ఊరూరికీ వేరే పోలీసు గనుక ఊరూరికీ వేరే బిళ్ల. అక్కడ పోగుచేసేవాడికి ఒక జన్మ చాలదు. 1950 జనవరి 1న ఆర్థర్ ట్రూప్ అనే ఇంగ్లీషు సార్జెంటు అంతర్జాతీయ పోలీసు సంఘాన్ని స్థాపించాడు. స్నేహం ద్వారా సేవ అని ఎస్పెరాంటో భాషలో దాని నినాదం. దాని సభ్యులు దేశదేశాల బిళ్లలనూ చేతిగుడ్డలనూ ఇచ్చిపుచ్చుకోవడం ఒక ఆచారంగా చేసుకున్నారు.

మనదేశంలో ఇట్టి సేకరణలు చాలా తక్కువ. కారణం సులభం. సర్కారు సరుకు సర్కారుకే చెందాలి. 1861 నాటి పోలీసు చట్టంలో 28వ సెక్షను అని ఒకటి ఉన్నది. ఉద్యోగం వదలినవాడు తన సర్టిఫికెట్టును, తనకిచ్చిన దుస్తులను, సరంజామాను తక్షణం అప్పగించాలి. లేకుంటే 200 రూపాయల వరకు జరిమానా, లేదా 6 నెలల వరకు ఖైదు. 1861లో 200 రూపాయలంటే కానిస్టేబులు ఇల్లు గుల్లయిపోయే మాట. అందుచేత ముప్పై ఏళ్లు నౌకరీ చేసినవాడైనా చివరి రోజున గుండీలతో సహా లెక్కచెప్పి, పంచెకట్టుకొని ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో మిగిలేది ఒక ఫొటో, పింఛను కాగితం, మహా అయితే ఒక ఈల.

బిళ్ల అనే మాటకు మన భాషలో ఉన్న గౌరవం చూడండి. కలెక్టరు కచేరీలో డవాలీ వేసుకొని దానిమీద ఇత్తడి బిళ్ల తగిలించుకున్నవాడు బిళ్లబంట్రోతు. హిందూస్తానీలో చప్రాస్ అంటే ఆ బిళ్లే. చప్రాస్ ఉన్నవాడు చప్రాసీ. మనిషికి బిళ్లవల్లనే పేరు వచ్చింది. బిళ్ల తీసివేస్తే పేరూ లేదు, జీతమూ లేదు.

మాకు ఈ సరదా 1973లో మొదలయినది. ఆ ఏడాది నవంబరు 1న మైసూరు రాష్ట్రం కర్ణాటక అయినది. అప్పుడు మేము హైస్కూలు విద్యార్థులం. మా వీధిలో ఒక హెడ్ కానిస్టేబులు ఉండేవారు. మా అబ్బకు స్నేహితులు. ఆయనను మామా అని పిలిచేవాళ్లం. ఒక సాయంత్రం అరుగుమీద కూర్చొని చొక్కా భుజంనుంచి పాత అక్షరాలు ఊడదీస్తున్నారు. అందులో ఒక అక్షరానికి వెనుకనున్న కొక్కెం విరిగి ఉన్నది. "ఇది స్టోరువాడు కూడా తీసుకోడులే" అని దాన్ని మా చేతిలో పెట్టారు. రాష్ట్రం పేరు మారడమంటే ఏమిటో మాకు పాఠ్యపుస్తకం చెప్పలేదు, ఆ విరిగిన ఇత్తడి ముక్క చెప్పినది.

మా అబ్బ ఆ ముక్కను చూసి నవ్వి, "నాకు తెలిసి ఇది మూడోసారి" అన్నారు. ఆలోచించి చూస్తే నిజమే. బళ్లారి 1800లో నైజాము కుంపిణీకి వదలిన దత్తమండలాలలోనిది. ఆనాటినుంచి మదరాసు ఏలుబడి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన రోజుననే ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయినవి. బళ్లారితో సహా మిగిలినవి మైసూరుకు వచ్చినవి. 1973లో కర్ణాటక. మనం ఎక్కడికీ వలస పోలేదు. మన ఇల్లు అక్కడే, మన బావి అక్కడే, మన మాట ఇదే. వీధి మొగలో నిలబడ్డ కానిస్టేబులు భుజం మీద అక్షరాలు మారుతూ వచ్చినవి, అంతే. ఆ విధంగా చూస్తే మనవంటి వారి చరిత్ర ఆ భుజాలమీదనే వ్రాసి ఉన్నది. బరంపురంలోని మనవారిని అడగండి. 1936 మార్చి 31 వరకు వారిదీ మదరాసు పోలీసే, మరుసటి దినంనుంచి ఒరిస్సా పోలీసు.

మా ఊరి చుట్టుపక్కల స్వాతంత్ర్యానికి పూర్వం ఎన్ని రకాల పోలీసులుండేవారో లెక్కించి చూచి మేమే ఆశ్చర్యపోయాము. ఊళ్లో మదరాసు వారు. తుంగభద్ర దాటితే నైజాం వారు. దక్షిణానికి పోతే మైసూరు మహారాజావారి పోలీసు. మధ్యలో సండూరు కొండలలో ఘోర్పడేల సంస్థానం. అది 1949లో గాని మదరాసులో కలియలేదు. ఒక పగటి ప్రయాణంలో నాలుగు ప్రభుత్వాలు, నాలుగు తలపాగాలు, నాలుగు బిళ్లలు! గొడ్లదొంగలకు ఆ రోజులు ఎంత అనుకూలమో చెప్పనక్కరలేదు. ఇందులో మూడు ప్రభుత్వాలవి మా పెట్టెలో ఉన్నవి. సండూరుది మాత్రం ఈనాటివరకు దొరకలేదు. ఎవరి అటకమీదనైనా ఉంటే చెప్పండి, కొనమని అడగము, కంటితో చూచి వస్తాము.

అన్నిటికంటే అరుదైనది ఆంధ్రరాష్ట్ర కాలంనాటిది. కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు, అనగా సరిగ్గా 3 సంవత్సరాల ఒక నెల ఉన్నది. ఇంత తక్కువ కాలంలో పోతపోసినవి ఎన్ని, అరిగినవి ఎన్ని, తిరిగి కరిగించినవి ఎన్ని! మిగిలినదాన్ని కంటికద్దుకోవాలి.

తలమీది సంగతి కూడా చెప్పాలి. యానాంలో చుట్టాలున్నవారు చూచే ఉంటారు. పుదుచ్చేరి పోలీసుల తలమీద ఎర్రని కెపీ టోపీ. 1954లో ఫ్రెంచివారు పరిపాలన అప్పగించి వెళ్లారు, టోపీ మాత్రం ఉండిపోయినది. పొరుగున కాకినాడ వైపు అడుగు వేస్తే ఆ ఎరుపు మాయం. ఇక మన కర్ణాటక కానిస్టేబుళ్ల అంచువాలిన టోపీ, ఒక పక్క పైకి మడిచినది, మనందరికీ చిన్ననాటినుంచి అలవాటైనది. గాలికి ఎగురుతుందనీ, గుంపులో నిలవదనీ కానిస్టేబుళ్లు ఎన్నాళ్లనుంచో మొరపెట్టుకుంటున్నారు. 2025 అక్టోబరు 28న బెంగళూరులో ముఖ్యమంత్రిగారు దానికి బదులు కొత్త టోపీలు పంచారు. ఆ కొత్త టోపీ నమూనా తెలంగాణ పోలీసుది! భుజం మీది అక్షరాలు కన్నడం వైపు పోయిన డెబ్బై ఏళ్లకు తలమీది టోపీ తెలుగుదేశం నుంచి వచ్చినదని మా మిత్రులొకరు చమత్కరించారు.

ఆ మర్నాటినుంచి మాకు ఫోన్లు. "పాత టోపీ ఒకటి సంపాదించినారా?" అని. లేదు. దానికి కారణం చెప్పడానికి చట్టం మాట కొంచెం ఎత్తాలి. కుర్రవాళ్లు ఎవరైనా ఈ దారికి వచ్చేటట్లయితే మొదట తెలుసుకోవలసినది ఇదే. నేటి పోలీసులు ధరిస్తున్న బిళ్లనుగాని, దుస్తులనుగాని, గుర్తింపుకార్డునుగాని పోగుచేయరాదు. 2024 జూలై 1 నుంచి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 204, 205 సెక్షన్లు చదువుకోండి. ప్రభుత్వోద్యోగినని నటించడం ఒకటి. మోసపుచ్చే ఉద్దేశంతో అట్టి ఉద్యోగి దుస్తులు ధరించడం, చిహ్నం దగ్గర ఉంచుకోవడం రెండవది. మన ఉద్దేశం మంచిదే కావచ్చు. మన పెట్టెలోనుంచి దొంగిలించినవాడి ఉద్దేశం సంగతేమిటి? ఒక బిళ్ల పట్టుకొని రాత్రిపూట లారీలను ఆపి డబ్బు గుంజేవాళ్లను గూర్చి పత్రికలలో చదువుతూనే ఉన్నాము. కాబట్టి మా నియమం ఒకటే. వాడుక పోయినదై ఉండాలి, వచ్చినదారి చెప్పగలిగినదై ఉండాలి. పాత టోపీలు సర్కారు లెక్కలోనుంచి తొలగిన తరువాత చూసుకుందాము. తొందర ఏమున్నది? టోపీ ఎక్కడికీ పోదు, చెదలు మాత్రం తినకుంటే చాలు.

ఇక ఒక బిళ్ల చేతికి వచ్చిందంటే దాని కాలాన్ని ఎట్లా చదువుతారు అని అడుగుతారు. తల చూడాలి. కిరీటం ఉన్నదంటే 1950 జనవరి 26కు పూర్వపుది. మూడు సింహాలు కనబడితే తరువాతిది. కిరీటాలలోనూ భేదమున్నది. విక్టోరియా రాణి కాలపు కిరీటం వేరు. 1901లో ఆమె పోయిన తరువాత వచ్చిన రాజుల కిరీటం, ట్యూడర్ కిరీటమంటారు, వేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకసారి చూసినవాడు మళ్లీ పొరబడడు. తరువాత వీపు చూడాలి. అచ్చుతో కొట్టినదానికి వెనుక తగ్గు ఉంటుంది, రేకు పలుచగా ఉంటుంది, గీతలు కత్తితో తీసినట్లుంటాయి. అసలుదాన్ని అచ్చుగా పెట్టి పోతపోసిన నకలు బరువుగా, సబ్బుబిళ్ల వలె మొద్దుగా ఉంటుంది. కళ్లద్దం పెట్టి చూస్తే ఇసుక గుంతలు కనబడతాయి. అరుగుదల కూడా సాక్ష్యమే. బెల్టు బిళ్ల అయితే బొడ్డు తగిలే చోట అరగాలి. నాలుగువైపులా సమానంగా అరిగితే అది నౌకరీలో అరిగినది కాదు, అంగడివాడి ఆకురాయిమీద అరిగినది. కుంపిణీ పోలీసు బిళ్లలని చెప్పి సంతలలో అమ్మేవాటిలో నూటికి ఎన్ని అసలువో ఆ దేవుడికే ఎరుక. మేమూ మోసపోయాము. ఆ మూడింటినీ పెట్టెలో అడుగున వేరుగా ఉంచాము, కుర్రవాళ్లకు చూపి నేర్పడానికి.

ఈలల సంగతి ఇంకొక రుచి. బర్మింగ్‌హాములో జోసెఫ్ హడ్సన్ అనే పనివాడు చేసిన ఈలను 1880ల మొదట్లో లండను పోలీసు తీసుకొన్నది. అంతవరకు వారు చేతిగిలకలు తిప్పేవారు. ఈల ఒంటిమీద హడ్సన్ కంపెనీ వీధి, ఇంటి నంబరు ముద్రించి ఉంటాయి. కంపెనీ ఇల్లు మారినప్పుడల్లా నంబరు మారినది. నంబరును బట్టి ఈల వయస్సు చెప్పవచ్చును. మా దగ్గర ఉన్నవి రెండు. ఊది చూడవద్దని కోరుతున్నాము. ఒకటి ఊదితే పక్కవీధి ఠాణానుంచి వస్తారని కాదు; అది ఎందరి నోట్లో పడినదో లెక్కలేదు.

ఇప్పుడు మా ఇంట జరిగిన ఒక ప్రళయం చెబుతాము. ఇత్తడిమీద ఏండ్ల తరబడి పట్టిన ఆ నల్లని, గోధుమరంగు పొర ఉన్నదే, అది సేకరించేవాడికి ప్రాణం. దాన్ని తోమరాదు. పచ్చని చిలుము పడితే మాత్రం వెదురుపుల్లతో మెల్లగా గీకి, కొబ్బరినూనె చుక్కతో తుడవాలి. ఇది మేము ఎన్నడూ ఇంట్లో చెప్పలేదు. ఒక ఉగాదికి ముందు రోజు మేము ఊళ్లో లేము. ఇంట్లో దేవుడి సామానంతా తోముతున్నారు. కొత్త చింతపండు వచ్చినది. పాపం ఆమె మా పెట్టె తెరిచి చూచి, "ఇంత మురికిగా ఎట్లా పెట్టుకున్నారో మనిషి" అని జాలిపడి, పదకొండు బిళ్లలూ చింతపండూ బూడిదా పెట్టి దీపం సెమ్మెలతోపాటు తోమిపెట్టినది. మేము వచ్చి పెట్టె తెరిస్తే బంగారంవలె మెరుస్తున్నవి. ఒక విక్టోరియా కాలపు బిళ్లమీద అంతకుముందే సగం అరిగిన నంబరు పూర్తిగా పోయినది. మేము ఆ పండుగనాడు పచ్చడిలో చేదు తప్ప మరో రుచి ఎరుగము. ఆమె, "మెరిస్తే ఏడ్చే మనిషిని నేనెక్కడా చూడలేదు" అన్నది. ఆమె మాటలోనూ న్యాయముందని ఇప్పుడు తోస్తున్నది. కానిస్టేబులు మాత్రం ప్రతి ఉదయం పెరేడుకు ముందు దాన్ని తోమకుండా ఉన్నాడా? మురికి పట్టనిచ్చినది మేమే.

ఇత్తడికంటె కాగితం విలువైనదని మేము చాలా ఆలస్యంగా గ్రహించాము. బీటు పుస్తకం, సర్వీసు పుస్తకం, ఠాణా డైరీలో ఒక పుట. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా మూడు రోజులలో పట్టి, మొత్తం 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు తీసుకుపోయాడు. ఏమేమి తీసుకున్నదీ ఠాణా పుస్తకంలో వ్రాసి సంతకం చేసి మరీ పోయాడని చెప్పుకుంటారు. ఆ పుట ఒకటి ఎదుట పెడితే ఈ పెట్టె మొత్తం దానికి సాటి రాదు. ఒరిస్సాలో 1946లో కోరాపుట్‌లో పావురాల టపా మొదలుపెట్టారు, సైన్యం ఇచ్చిన 200 పావురాలతో. దారి, తంతి లేని కొండ ఠాణాలకు అదే వార్త. 1999 పెనుతుఫానులో తీగలన్నీ తెగినప్పుడు కూడా అవి పనికివచ్చినవి. వాటి కాలికి కట్టిన పలుచని కాగితం చీటీ ఒక్కటి సంపాదించాలని మాకు ఆశ.

ఈ వస్తువులను సర్కారువారే ఇప్పుడు భద్రపరుస్తున్నారు, సంతోషం. కలకత్తాలో రాజా రామమోహన రాయ్ నివసించిన ఇంట్లో పోలీసు మ్యూజియం ఉన్నది. కింగ్స్‌ఫర్డ్ అనే మేజిస్ట్రేటును చంపడానికి లావుపాటి న్యాయశాస్త్ర గ్రంథంలో అమర్చి పంపిన బాంబు అక్కడ చూడవచ్చును. చెన్నైలో ఎగ్మూరులోని పాత కమిషనరు కచేరీని 2021 సెప్టెంబరులో మ్యూజియంగా తెరిచారు. ఢిల్లీలో 2018 అక్టోబరు 21న జాతీయ పోలీసు స్మారకం, మ్యూజియం ప్రారంభమైనవి. చెన్నైకి పోయినవారు తప్పక చూడండి. మనకు 1953 వరకు పైవారు అక్కడివారే గదా.

ఇక ఖాళీ గుంట సంగతి.

2011లో ఒక ఆదివారం గుజరీ అంగడిలో పాత కుళాయి బిరడాలు, తాళాలు, చెంబు మూతల గుట్టలో ఒక గుండ్రని కంచు పతకం కనబడినది. తూకంలో పెట్టి అరవై రూపాయలు తీసుకున్నాడు. ఇంటికి తెచ్చి చూస్తే ఇండియన్ పోలీస్ మెడల్. 1932లో దీన్ని నెలకొల్పారు. వెండిది కాదు గనుక చూపుకు ఆనదు. అందుకే గుజరీకి పోయినది. ఒకవైపు ఆరవ జార్జి తల. వెనుకవైపు విశిష్ట ప్రవర్తనకు అని ఇంగ్లీషు మాటలు. అంచును తిప్పి చూస్తే సన్నని అక్షరాలతో కానిస్టేబులు పేరు, మదరాసు పోలీసు అని చెక్కి ఉన్నది. మనవారి పేరు. ఇంటిపేరు కూడా బళ్లారి ప్రాంతానిదే. పేరు ఇక్కడ చెప్పడం లేదు.

పేరున్న వస్తువు చేతికి వస్తే అది ఇక మన వస్తువు కాదు. మేము నాలుగు నెలలు విచారించాము. చివరకు కోటకింద ఒక వీధిలో ఆయన మనుమడు ఉన్నాడని తెలిసినది. పోయి పతకం చూపాము. అతని ముఖం మాడిపోయినది. "నేనే అమ్మితి సార్. ఇంట్లో ఉండకూడదని మా నాయన అంటుండె" అన్నాడు. లోపలనుంచి అతని తల్లి, ఆ కానిస్టేబులుగారి కోడలు, వచ్చి కూర్చున్నది. డెబ్బై దాటిన మనిషి. విషయం ఆమె చెప్పినది. 1942లో సత్యాగ్రహం చేసినవాళ్లను కొట్టినందుకు తెల్లదొరలు ఇచ్చిన బిళ్ల అది అని ఊరంతా అనుకున్నారు. ఆ ఇంటికి లాఠీవాళ్ల ఇల్లు అని పేరు పడ్డది. ఆమె భర్తను బడిలో పిల్లలు అదే పేరుతో పిలిచేవారట. ఆయన నాలుగవ ఫారం నడుమ బడి మానేశాడు. తండ్రితో చివరివరకు సరిగా మాట్లాడలేదు. తండ్రి ఏదీ విప్పి చెప్పే మనిషి కాదు.

మేము పతకాన్ని వాళ్లింట్లో పెట్టబోతే ఆమె ముట్టుకోలేదు. తిరిగి తెచ్చాము. కాని ఒక అనుమానం పట్టుకున్నది. ఆరవ జార్జి 1936 డిసెంబరులో గద్దెకు వచ్చాడు. వెనుకవైపు మాటలు 1944లో మార్చారు. అటు తరువాత శౌర్యానికి వేరు, మంచి నౌకరీకి వేరు. కనుక ఈ పతకం 1937కూ 1944కూ మధ్యది. ఆ మధ్యలోనే 1942 ఆగస్టు ఉన్నది. పతకాన్ని చూస్తే ఊరివాళ్ల మాటా నిజం కావచ్చును, కాకపోవచ్చును. ఇత్తడీ కంచూ అంతకుమించి చెప్పవు. పతకాలు పొందినవారి పేర్లు ఏటా జనవరి 1న, మళ్లీ రాజుగారి పుట్టినరోజు సందర్భంలో గెజెట్టులో ప్రకటించేవారు. చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌కు మూడు పర్యాయాలు పోయాము. అనుమతికే మొదటి ప్రయాణం సరిపోయినది. మూడవసారి నాలుగవ సంపుటంలో, చిన్న అక్షరాలలో, ఆ పేరు దొరికినది. తేదీ 1941 జనవరి 1. గాంధీగారు బొంబాయిలో క్విట్ ఇండియా అనడానికి పందొమ్మిది నెలల ముందు!

ఆ పుట నకలు తీసుకొని ఆ సాయంత్రమే రైలెక్కాము. మరుసటి దినం ఆమెకు చదివి వినిపించాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా మామ లాటీ పట్టింది నిజమే నాయనా. పోలీసోడు లాటీ పట్టక జపమాల పడతాడా. నలబై రెండులో గూడా పట్టే ఉంటాడు. అయితే ఈ బిళ్ల దానికి కాదు, అంతే గదా?" అన్నది. అంతేనమ్మా అన్నాము. "తేదీ ఇంకోసారి చదువు" అన్నది. చదివాము. మూడవసారి కూడా చదివించుకున్నది. "ఇది మా ఆయన ఉండంగ చదివి ఉంటే బాగుండు" అని లేచి లోపలికి పోయినది. మాకు ఏమి చెప్పడానికీ తోచలేదు. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

పతకం ఆ ఇంట్లోనే పెట్టి వచ్చాము. మనుమడు అరవై రూపాయలు ఇవ్వబోయాడు, తీసుకోలేదు. ఆమె పెట్టిన ఓళిగలు మాత్రం తిన్నాము. ఆ గుంటలో ఇంకేదైనా పెట్టమని మా మనుమడు అంటుంటాడు. పెట్టబుద్ధి కాలేదు.

2025లో ఆయుధపూజనాడు ఆ అబ్బాయి, అబ్బాయేమిటి అతనికీ అరవై దగ్గరపడినవి, మమ్మల్ని ఇంటికి పిలిచాడు. పటాలముందు, ఆటో తాళాలపక్కన, పళ్లెంలో పతకం ఉన్నది. కోడలు చింతపండు పెట్టి తోమినదట. తళతళ మెరుస్తున్నది. మేము ఒక మాట అనలేదు. చేతిలోకి తీసుకొని అంచు తిప్పి చూశాము. పేరు ఇంకా చదవడానికి వస్తున్నది.

ఇక పెట్టె తెరుస్తాము. పిల్లలు ముందుకు రావచ్చును.